మిక్సరు దాకా వచ్చిన తీగల కథ

గుంటూరు నుంచి నరసరావుపేట వైపు రైల్లో వెళ్ళినవారికి నల్లపాడు జంక్షను తెలిసే ఉంటుంది. నరసరావుపేట వైపు నుంచి ఒక లైను, సత్తెనపల్లి వైపు నుంచి మరో లైను వచ్చి అక్కడ కలుస్తాయి. కలిసి గుంటూరుకు సాగుతాయి. మన ఆరాధనల్లో పాటల బృందం పక్కన చిన్న బల్ల మీద ఉండే మిక్సరు చేసే పని కూడా అదే. దైవసేవకుని మైకు, పాడేవారి మైకులు, కీబోర్డు, గిటారు, అన్నీ వేరువేరు దారుల్లో వచ్చి అక్కడ కలిసి యాంప్లిఫయరులోకి, అక్కడి నుంచి బాక్సుల్లోకి వెళ్తాయి. అయితే ఈ దారులన్నీ ఒకే కాలంలో, ఒకే అవసరానికి పుట్టినవి కావు. అందుకే మిక్సరుకు ఉండే రంధ్రాలు రకరకాలుగా కనిపిస్తాయి.

మైకు లేని రోజులను ఒకసారి తలంచండి. 1739లో జార్జి వైట్‌ఫీల్డు అమెరికాలోని ఫిలడెల్ఫియా వీధిలో ప్రసంగిస్తుండగా, జనంలో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెనక్కి నడుచుకుంటూ పోయి, స్వరం ఎంత దూరం వినిపిస్తోందో చూశాడు. ఆ దూరాన్ని బట్టి లెక్క కట్టి, ముప్పై వేల మందికి పైగా వినగలరని తేల్చాడు. అంత గొంతు అందరికీ ఉండదు కదా! 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్‌కు గానీ, ఆయన తరువాత ఈ పత్తి మిరప పల్లెల్లో తిరిగిన బోధకులకు గానీ ఉన్న సాధనం ఊపిరితిత్తులే.

ఆ భారం దించిన యంత్రం పెద్ద జనసమూహం ముందు పాడిన తొలి పాటల్లో క్రిస్మసు పాటలు ఉన్నాయని మీకు తెలుసా? 1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో సిటీహాలు ఎదుట జెన్సెన్, ప్రిధమ్ అనే ఇద్దరు తాము తయారుచేసిన లౌడుస్పీకరుతో క్రిస్మసు సంగీతం, ప్రసంగాలు వినిపించారు. సుమారు లక్షమంది విన్నారని అంచనా.

ఇక తీగల సంగతి. మైకు పుట్టించే కరెంటు అతి స్వల్పం, వోల్టులో కొన్ని వేలవంతులు మాత్రమే. అంత బలహీనమైన స్వరం పొడవాటి వైరు గుండా వస్తుంటే పక్కనున్న కరెంటు తీగల రొద దానిలో చేరిపోతుంది. ఈ బాధ మొదట పడినవారు టెలిఫోనువారు. 1881లో గ్రాహంబెల్ రెండు తీగలను ఒకదానితో ఒకటి పెనవేసే పద్ధతికి పేటెంటు పొందాడు. స్వరం ఆ రెండు తీగల్లో ఎదురెదురుగా నడుస్తుంది, బయటి రొద మాత్రం రెండింటిలోనూ సమానంగా చేరుతుంది. అవతలి కొనలో ఒకదానిలో నుంచి మరొకదాన్ని తీసివేస్తే రొద పోయి స్వరం నిలుస్తుంది. నేటి మైకు వైరులోనూ ఆ రెండు తీగలే ఉన్నాయి. వాటిని కప్పుతూ మూడవదిగా ఒక జల్లెడ ఉంటుంది, దానినే ఎర్తు అంటాం. మైకుసెట్టు కుర్రాళ్ళు 'కేనన్ పిన్ను' అంటారే, మూడు సూదుల గుండ్రని పిన్ను, అది ఈ మూడింటి కోసమే. దానికీ ఫిరంగికీ సంబంధం లేదు. 1915లో లాస్‌ఏంజెలెస్‌లో కంపెనీ పెట్టిన జేమ్స్ కేనన్ పేరు అది.

గిటారుకూ కీబోర్డుకూ పెట్టే లావు జాక్ పిన్నుది వేరే వంశం. అది పందొమ్మిదవ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజిల్లో ఆపరేటర్లు ఒకరి లైనును మరొకరితో కలపడానికి వాడినది. కావలంగుళం లావు. నేటికీ అదే కొలత. కీబోర్డు నుంచి వచ్చే కరెంటు మైకుకన్నా వందల రెట్లు బలమైనది. దానిని మైకు రంధ్రంలో పెట్టి గెయిన్ పెంచితే బాక్సులు చిరిగినట్టు అరుస్తాయి. గిటారుది ఇంకో ఇబ్బంది. దాని జాక్ వైరులో రొదను తీసివేసే రెండో తీగ లేదు, వైరు పొడవయ్యేకొద్దీ ధ్వని మొద్దుబారుతుంది. అందుకే మధ్యలో డీఐ బాక్సు పెడతారు. అది గిటారు స్వరాన్ని మైకు వైరులో ప్రయాణం చేయగలిగేలా మార్చుతుంది.

మన హార్మోనియానికి అసలు వైరే లేదు, ఎదురుగా మైకు పెట్టాల్సిందే. ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని నిషేధించింది, గమకాలు పలకదని. ఆ ముప్పై ఏళ్ళూ మన దేవాలయాల్లో అది హాయిగా మోగుతూనే ఉంది!

వాయిద్యాలన్నీ ఒకచోట కలిపే బల్లలు మొదట వాడినవి రేడియో స్టేషన్లే. సీషెల్స్ దీవుల నుంచి 1970 మొదలు 2003 వరకు ఫీబా రేడియో తెలుగు ప్రసంగాలు వినిపించింది. షార్ట్‌వేవ్‌లో చెవి ఆనించి విన్న పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. పాట తగ్గుతూ మాట పైకి రావడం వారి చెవులకు ఎరుకే.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా వినవలసిన మాట. మిక్సరుకు అన్నీ కలిపాక 'గుయ్' మని మోత వస్తుంది. చాలాసార్లు దానికి కారణం మిక్సరు ఒక ప్లగ్గులో, కీబోర్డు దూరాన మరో ప్లగ్గులో ఉండడం. రెండు ఎర్తుల మధ్య చిన్న కరెంటు తిరుగుతూ మోత పుట్టిస్తుంది. అప్పుడు కొందరు చేసే పని, ప్లగ్గులో మూడో పిన్ను తీసేయడం. మోత ఆగుతుంది, అందరూ మెచ్చుకుంటారు. కానీ పిన్ను పీకినవాడు రెండు ఎర్తులను ఒకటే అనుకున్నాడు. మైకు వైరులోని ఎర్తు రొదను ఆపడానికి. గోడ ప్లగ్గులోని ఎర్తు మనిషిని బతికించడానికి. అది లేని పెట్టెలో కరెంటు లీకైతే పెట్టె ఇనుము, గిటారు తీగలు కూడా కరెంటుగా మారతాయి. మైకు ఒంటి ఇనుమేమో మిక్సరు ద్వారా భూమికి కలిసి ఉంటుంది. ఒక చేత్తో గిటారు, మరో చేత్తో మైకు పట్టుకున్న పిల్లవాడు ఆ రెండింటి మధ్య వంతెన అవుతాడు.

1972 మే 3న వేల్స్ దేశంలోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారు వాద్యకారుడు ఎర్తు లేని మైకును ముట్టుకొని వేదిక మీదే ప్రాణం విడిచాడు. 2005 అక్టోబరు 30న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం వేకో పట్టణంలో 33 ఏళ్ళ కాపరి కైల్ లేక్, బాప్తిస్మమిచ్చే తొట్టిలో నీళ్ళలో నిలబడి మైకు సర్దబోయి షాకుకు గురై చనిపోయాడు. ఆరాధన మధ్యలో, సంఘమంతా చూస్తుండగా.

మోత పోవాలంటే మిక్సరును, వాయిద్యాలను ఒకే ప్లగ్గు నుంచి నడపండి. అయినా పోకపోతే డీఐ బాక్సు మీద ఎర్తును విడదీసే చిన్న మీట ఉంటుంది, దానిని నొక్కండి. అది స్వరం దారిలోని ఎర్తును మాత్రమే తెంచుతుంది, గోడ ఎర్తును ముట్టదు. మీ దేవాలయపు మీటరు దగ్గర 30 మిల్లీయాంపుల లీకేజికే ఆగిపోయే బ్రేకరు ఉందో లేదో ఈ వారమే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కాలువ గట్టున బాప్తిస్మాలకు జనరేటరు పెడితే దానికి ఎర్తు కడ్డీ పాతారో లేదో అడగండి. నీళ్ళలో దిగిన సేవకుని చేతికి వైరున్న మైకు అందించకండి. బ్యాటరీ మైకును గట్టు మీద పొడి కాళ్ళతో నిలబడ్డ సహోదరుని పట్టుకోనివ్వండి.