ట్యూడర్ యుగపు వెండి నాణేలు: సంగ్రహణ - చారిత్రక సాక్ష్యం

ఉపోద్ఘాతం:

1485 నుండి 1603 వరకు ఇంగ్లండును ట్యూడర్ వంశం పాలించింది. ఆ కాలపు వెండి నాణేలలో అత్యధికం సుత్తి దెబ్బతో ముద్రించినవే. సంగ్రాహకులు లోపాలుగా ఎంచే అరుగుదల, కత్తిరింపు, వన్నె తగ్గుదల ఆనాటి ఆర్థిక చరిత్రకు ముఖ్య ఆధారాలని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

ముద్రణ విధానం:

టంకశాలలో కింది అచ్చును కొయ్యదిమ్మెలో బిగించి, దానిపై వెండి బిళ్ళను ఉంచి, పై అచ్చును చేతపట్టి సుత్తితో మోదేవారు. అందువల్ల బొమ్మ ఒక పక్కకు ఒరగడం, అక్షరాలు సగమే పడడం సహజం. అంచు సమంగా లేకపోవడంతో వెండిని కత్తిరించి దొంగిలించడం సులభమయ్యేది. 1561లో ఎలోయ్ మెస్ట్రెల్ యంత్ర ముద్రణను ప్రవేశపెట్టినా, సుత్తి పద్ధతి 1662 వరకు నిలిచింది.

వన్నె తగ్గింపు:

ఎనిమిదవ హెన్రీ 1544 నుండి నాణేలలో వెండి పాలును వేగంగా తగ్గించాడు. నూటికి 92.5 పాళ్ళుండే వెండి, రెండేళ్ళలోనే మూడో వంతుకు దిగజారింది. మిగిలినది రాగి. పైపూతగా ఉన్న వెండి మొదట అరిగేది ఎదురుగా చూస్తున్న రాజు ముక్కు మీదే. అందుకే ఆయనకు 'రాగిముక్కు' అన్న ఎగతాళి పేరు వచ్చింది. జనం మంచి వెండిని దాచుకొని, కల్తీ నాణేలనే చెలామణి చేశారు.

1551లో ఆరవ ఎడ్వర్డ్ ప్రభుత్వం పన్నెండు పెన్నీల టెస్టూన్ విలువను మొదట తొమ్మిదికి, తరువాత ఆరుకు తగ్గించింది. 1560లో ఎలిజబెత్ రాణి కల్తీ టెస్టూన్లపై అదనపు ముద్రలు వేయించింది. కోటద్వారపు జల్లెడ గుర్తు ఉన్నది నాలుగున్నర పెన్నీలు, వేటకుక్క గుర్తు ఉన్నది రెండుంపావు పెన్నీలు. రాజముద్రను నమ్మి నాణెం దాచుకున్న సామాన్యుడే ఈ నష్టాన్ని భరించాడు.

సంగ్రహణలో జాగ్రత్తలు:

కల్తీ నాణేలను కరిగించి కొత్తవి ముద్రించడం వల్ల ఆ అదనపు ముద్రలున్నవి నేడు అరుదు. అటువంటి నాణేన్ని తళతళలాడేలా తోమితే, వెండి పూత జాడ కూడా పోతుంది. దొరికిన చోటు నమోదు కాకపోతే, అది ఏ నాణేలతో కలిసి చెలామణి అయిందో తెలియదు. ఇంగ్లండులో 1996 నాటి నిధుల చట్టం ప్రకారం, ఒకేచోట దొరికిన మూడు వందల ఏళ్ళు పైబడిన రెండు లేదా అంతకంటే ఎక్కువ వెండి నాణేలను అధికారులకు తెలియజేయాలి.

ముగింపు:

అరిగిన టెస్టూన్ ధర తక్కువ కావచ్చు. అయితే పాలకుని మాటకూ లోహపు విలువకూ మధ్య ఏర్పడిన అంతరాన్ని అదే స్పష్టంగా చూపుతుంది.