డోర్నకల్ మండపము: క్రైస్తవ మతతత్త్వ పరిచయము

ఉత్తరాన గోదావరీ తీరమందలి ఏటూరునాగారం వలెనే దక్షిణాన డోర్నకల్ సైతం పూర్వపు వరంగల్ జిల్లాలోనిదే. భద్రాద్రి రాముని దర్శనార్థం రైలులో వెళ్ళే భక్తులకు ఈ జంక్షన్ సుపరిచితం. ఇచ్చట 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన ఎపిఫనీ కథీడ్రల్ అనే క్రైస్తవ ప్రార్థనాలయం కలదు. దాని స్తంభాలు మన ఆలయ మండపాలను, గుమ్మటాలు మసీదులను స్ఫురింపజేస్తాయి. ఈ రూపం వెనుక ఉన్న విశ్వాసమేది?

క్రైస్తవులకు దైవం ఒక్కడే. అయితే ఆ ఏకత్వంలో పిత, పుత్ర, పరిశుద్ధాత్మ అనే త్రిత్వం ఉన్నదని వారి సిద్ధాంతం. పుత్రుడే యేసుక్రీస్తుగా మానవజన్మ ఎత్తి, మానవుల పాపభారం వహించి సిలువపై మరణించి, మూడవనాడు పునరుత్థానం చెందినాడని వారి విశ్వాసం. రక్షణ స్వప్రయత్న ఫలం కాదు, దైవకృప. ఈ భావం రామానుజుల శరణాగతికి సన్నిహితంగా తోస్తుంది.

అయినను భేదాలను విస్మరించరాదు. మనకు అవతారాలు అనేకం. వారికి దేవుడు నరుడైనది ఒక్కసారే. మనకు కర్మానుసారం పునర్జన్మ. వారికి జన్మ ఒక్కటే, తదుపరి తీర్పు. అన్నియు ఒక్కటేనని త్వరపడి పలికితే ఉభయ తత్త్వాలకూ అన్యాయమే.

ఆచారాలలో బాప్తిస్మం ప్రధానం. అది జలంతో జరిగే ప్రవేశ సంస్కారం. రొట్టెను, ద్రాక్షారసాన్ని క్రీస్తు శరీర రక్తాల స్మరణతో స్వీకరించడం ప్రభురాత్రి భోజనం. ఆదివారం సామూహిక ఆరాధన, బైబిలు పఠనం, కీర్తనలు. క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ముఖ్య పర్వదినాలు.

డోర్నకల్ ఆలయ నిర్మాణానికి సారథి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించిన ఈ తమిళుడు 1909లో డోర్నకల్ చేరి తెలుగు అభ్యసించారు. 1912లో కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయినారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో, పాశ్చాత్య మిషనరీలు భారతీయులను సేవకులుగా గాక స్నేహితులుగా చూడవలెనని నిర్భయంగా కోరినదీ ఆయనే. విదేశీ పోకడలను అనుకరించక, ఈ నేల శిల్పరీతిలోనే ఆరాధనాలయం వెలయవలెనని ఆయన సంకల్పం.

ఆయన సంఘంలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కులస్థులు. ఈ సామూహిక మతాంతరీకరణను గాంధీజీ తీవ్రంగా ఆక్షేపించగా, అజరయ్య అంతే దృఢంగా విభేదించారు. ఆ వాదంలో ఎవరి పక్షం వహించినా, ఒక సత్యం మన ముందు నిలుస్తుంది. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశాన్ని సమర్థించే చట్టం వచ్చినదీ 1939లోనే. అనగా, తరతరాలుగా మన మండపంలో కాలుమోపనీయబడని వారు, మండపాన్ని పోలిన ఆ స్తంభాల నడుమ నిరాటంకంగా మోకరిల్లి ప్రార్థించగలిగినారు.

సర్వభూతాంతరాత్మను ఉపనిషత్తులలో దర్శించిన జాతికి ఇది ఆత్మపరీక్షా సందర్భం. పరమతాన్ని విమర్శించుటకు ముందు, దాని సిద్ధాంతాన్ని యథాతథంగా గ్రహించడం జిజ్ఞాసువు ధర్మం. మన ద్వారం ఎవరికి మూయబడినదో గుర్తించి తెరవడం భక్తుని ధర్మం. ఈ రెండును కలిసినప్పుడే మన అద్వైతచింతన మాటను దాటి ఆచరణ కాగలదు.