గోలకొండ రాకుమార్తెల పెండ్లిండ్లు

1396లో ఆరేండ్ల ఫ్రెంచి రాకుమారి ఇసబెల్లాను ఇంగ్లండు ప్రభువు రెండవ రిచర్డున కిచ్చి, ఆ రెండు దేశములు తమ పోరును కొంతకాల మాపుకొన్నవి. ఇట్టి వివాహములు మనకు దూరపు వింతలు కావు. మెదకు, కౌడిపల్లి ప్రాంతములను ఏలిన గోలకొండలోనే జరిగినవి.

అబ్దుల్లా కుతుబ్‌షాహునకు ముగ్గురు కుమార్తెలు, కొడుకులు లేరు. గద్దె అల్లునిదే యగునని అందరు నెరిగిన మాట. కనుక ఆ పిల్లల పెండ్లిండ్లు ఇంటి శుభకార్యములుగా మిగులలేదు.

పెద్దకుమార్తె అరబ్బు దేశమునుండి వచ్చిన సయ్యద్ అహ్మదునకు ఇల్లాలయ్యెను. రెండవ యామె కథ కఠినమైనది. 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడింపగా, రాజమాత హయాత్ బక్షీ బేగము తానే మొగలు శిబిరమునకు పోయి సంధి మాటలాడెను. ఆమెయు ఒకనాడు ఇట్టి వధువే! మహమ్మదు కులీ కుతుబ్‌షాహు ఏకైక పుత్రిక. ఆమెను పెండ్లాడిన పినతండ్రి కుమారుడే 1612లో సుల్తానయ్యెను. ఇప్పుడు మనుమరాలి వంతు వచ్చినది. కోటి రూపాయల ధనము, రామగిరి సీమ, వానితోపాటు రాకుమార్తె: సంధి షరతులలో మూడును ఒకే వరుసను నిలిచినవి. వరుడు ఔరంగజేబు జ్యేష్ఠపుత్రుడు మహమ్మదు సుల్తాను. అబ్దుల్లా యనంతరము రాజ్య మితనికే యని రహస్యముగా మాట పుచ్చుకొనిరట.

ఆ వరుడైన నిలుకడగా నుండెనా? 1659లో తండ్రిని విడిచి పెదతండ్రి షూజా పక్షము చేరి, అతని కుమార్తెను పెండ్లాడెను. మరుసటి యేడు మరలివచ్చి తండ్రికి బందీ యయ్యెను. 1676లో నిర్బంధముననే కన్నుమూసెను. గోలకొండ కోరుకొన్న రక్షణ యిది!

మూడవ యామెను సయ్యద్ సుల్తాను అను నాతనికి నిశ్చయించిరి. పెండ్లి యేర్పాట్లన్నియు జరిగినవి. పెద్దల్లునికి ఇతనితో బద్ధవైరము. ఈ పెండ్లి జరిగినచో తాను మొగలులతో కలియుదునని అతడు బెదిరించినట్లు ఖాఫీఖాన్ వ్రాసినాడు. అంతఃపురము తల్లడిల్లినది. తుదకు సూఫీ గురువు షారాజు చెంత కాలము గడుపుచున్న రాజబంధువు అబుల్ హసనును రప్పించి, అతనికే కన్య నిచ్చిరి. పెండ్లికూతురు ఆమెయే, పందిరి అదియే. పెండ్లికొడుకు మాత్రము మారినాడు. ఆమె నెవరైన అడిగిరా యని మాకు తోచక మానదు.

1672లో అబ్దుల్లా మరణింపగా పెద్దల్లుడును చిన్నల్లుడును గద్దెకై పోటీపడిరి. సర్దారుల బలమున అబుల్ హసనే గెలిచెను. తెలుగువా రెరిగిన తానాషా ఇతడే. అక్కన్న మాదన్నలకు అధికార మిచ్చినవాడు, రామదాసు కథలోని ప్రభువు. నాటి పెండ్లి తప్పకున్నచో ఆ పేరు మన యిండ్ల వినబడెడిది కాదు.

1687లో కోటతలుపు లోపలివాని ద్రోహముచే తెరువబడెను. తానాషాను దౌలతాబాదు కోటలో నిర్బంధించిరి. అతడు మరల గోలకొండను చూడలేదు.