ముఖం చూసి మనసు చదవగలమా?

కోపమొస్తే మూతి ముడుస్తాం, సంతోషం కలిగితే మొహం చాటంత అవుతుంది, అవమానం జరిగితే ముఖం చిన్నబోతుంది. భావానికి ఒక ఆకారం ఉందని మన పలుకుబడులే చెబుతున్నాయి. భరతుని నాట్యశాస్త్రం ఎనిమిదవ అధ్యాయంలో 36 దృష్టులు, కనుబొమల కదలికలు 7, ముక్కువి 6, చెక్కిళ్ళవి 6 విడివిడిగా వర్ణించి, ఏది ఏ భావానికి తగినదో నిర్దేశించింది.

వైద్యశాస్త్రంలో ఈ పరిశీలనకు పునాది వేసినవాడు ఫ్రెంచి వైద్యుడు డుషెన్. ముఖంలో స్పర్శజ్ఞానం అంతగా లేని ఒక వృద్ధుని కండరాలను విద్యుత్తుతో కదిలించి, ఫోటోలు తీసి, 1862లో గ్రంథంగా వెలువరించాడు. పెదవుల కొసలను పైకి లాగే కండరం మన ఇష్టప్రకారం కదులుతుందనీ, కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం నిజమైన ఆనందానికే లోబడుతుందనీ గమనించాడు. పక్షవాతంతో మూతి వంకరపోయి, నవ్వమంటే నవ్వలేని రోగి, మనవడి మాటకు ఫక్కున నవ్వినప్పుడు రెండు వైపులా కదలడం నేనూ చూశాను. తెచ్చుకునే నవ్వుకూ, వచ్చే నవ్వుకూ మెదడులో దారులు వేరు.

డుషెన్ ఫోటోలను డార్విన్ ఏ వివరణా ఇవ్వకుండా 20 మందికి పైగా చూపించాడు. కొన్నింటిపై దాదాపు అందరిదీ ఒకే మాట, మరికొన్నింటిపై తలో మాట. వివరణ ముందే చదివి ఉండకపోతే తానూ తికమకపడేవాడినేనని 1872 నాటి తన పుస్తకంలో ఒప్పుకున్నాడు.

1960ల చివర పాల్ ఎక్‌మన్ న్యూగినీ కొండల్లోని ఫోరే ప్రజలకు చిన్న కథ చెప్పి, దానికి తగిన ఫోటో ఎంచుకోమన్నాడు. చాలావరకు సరిగానే ఎంచుకున్నారు గాని, భయాన్నీ ఆశ్చర్యాన్నీ వేరుచేయలేకపోయారు. ముఖభావాలు మానవులందరికీ ఒక్కటేనన్న వాదానికి ఇదే బలమైంది. అయితే కథ ముందే చెబితే బొమ్మ పోల్చుకోవడం సులువు కాదా అని తరువాతివారు ప్రశ్నించారు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరి నలుగురు శాస్త్రజ్ఞులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను సమీక్షించి, ముఖం ఒక్కటే చూసి భావాన్ని నిర్ణయించడం నమ్మదగినది కాదన్నారు.

భామాకలాపంలో సత్యభామ కనుబొమ ఎగరేస్తే మనకు వెంటనే అర్థమవుతుంది, కథ తెలుసు గనుక. మనల్ని చూడవచ్చిన అమ్మానాన్నలు ఇక్కడి ఆసుపత్రిలో మర్యాద కోసం నొప్పి దిగమింగి చిరునవ్వు నవ్వితే, ఆ నర్సమ్మకు కథ తెలియదు. "బాగానే ఉన్నారు" అని రాసుకుని వెళ్ళిపోతుంది. అందుకే వారి పక్కన కూర్చుని, "ఎక్కడ నొప్పి? ఎప్పటినుంచి?" అని తెలుగులో అడిగి, ఆ జవాబును డాక్టరుకు చేరవేయడం మన పని.