దేవుడి పేర కాదు, సత్యం పేర

గొప్పవాళ్ళ మాటలు పొద్దున్నే పువ్వుల బొమ్మలతో మన ఫోన్లలోకి వచ్చేస్తుంటాయి. చదువుతాం, నలుగురికి పంపిస్తాం, మర్చిపోతాం. ఆ మాట అన్నందుకు ఆ మనిషి ఏం వదులుకున్నాడో మాత్రం అందులో ఉండదు. మన కృష్ణా జిల్లాతో ముడిపడిన ఒక సంభాషణ ఉంది. ఒకవైపు గాంధీగారు, ఇంకోవైపు గోరాగారు, మధ్యలో ఒక ఆడపిల్ల పెళ్ళి.

గోరాగారంటే గోపరాజు రామచంద్రరావుగారు. మన పటమటలోని నాస్తిక కేంద్రం ఆయన స్థాపించిందే. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. భార్య సరస్వతిగారు ఆచారాలున్న ఇంట్లో పుట్టి, పదేళ్ళకే పెళ్ళయినావిడ. అయినా మూఢనమ్మకం పోగొట్టడానికి కడుపుతో ఉండి గ్రహణం చూశారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టుకున్నారు. పిల్లలున్న ఇంట్లో నెలజీతం ఆగిపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా వెనక్కి తగ్గలేదు. 1940లో ముదునూరు అనే పల్లెలో కేంద్రం పెట్టి, అంటరానితనం పోవాలని కులాలన్నీ కలిసి కూర్చునే భోజనాలు నడిపారు. 1947లో కేంద్రం బెజవాడ వచ్చింది.

దేవుడంటే మీ ఉద్దేశం ఏమిటని 1930లోనే గోరాగారు గాంధీగారికి ఉత్తరం రాశారు. దేవుడు మనిషి బుద్ధికి అందడని జవాబొచ్చింది. 1941లో మళ్ళీ రాస్తే, నాస్తికత్వమంటే తనని తాను కాదనుకోవడమేనని కొంచెం గట్టిగానే సమాధానం ఇచ్చారు గాంధీగారు. అక్కడితో ఆగిపోయి ఉంటే అది మామూలు వాదనే.

1944 చివర్లో గోరాగారు సేవాగ్రామ్ వెళ్ళారు. ఆశ్రమంలో ఉండి, మాట్లాడుతూ, తాము పల్లెల్లో చేస్తున్న పని చెప్పారు. క్రమంగా గాంధీగారి మాట మారింది. నా ఆస్తికత్వం ఒప్పనీ, మీ నాస్తికత్వం తప్పనీ నేను చెప్పలేను, ఇద్దరం సత్యాన్ని వెతికేవాళ్ళమే అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. దేవుడే సత్యం అనే మాటని తిప్పి సత్యమే దేవుడు అనడం ఆయనకి కొత్తేం కాదు. 1931లో స్విట్జర్లాండులో కూడా అదే చెప్పారు. కానీ సభలో చెప్పడం వేరు, మన ఎదురుగా కూర్చున్న మనిషి కోసం ఆ మాట మీద నిలబడడం వేరు.

ఆ పరీక్ష పెళ్ళి రూపంలో వచ్చింది. గోరాగారు తమ పెద్దమ్మాయి మనోరమగారిని అర్జునరావుగారనే దళిత యువకుడికి ఇచ్చి చెయ్యాలనుకున్నారు. గాంధీగారు సంతోషించారు. అమ్మాయి చిన్నది, రెండేళ్ళు ఆగమన్నారు. ఈలోగా అబ్బాయిని ఆశ్రమానికి పంపమన్నారు. ఇంటి పెద్ద ఎవరైనా ఇచ్చే సలహాలాగే ఉంది కదా! పెళ్ళి సేవాగ్రామ్‌లోనే చేస్తానన్నారు. కానీ ప్రమాణం దేవుడి పేర చెయ్యాలి. పెళ్ళికూతురి తండ్రికి దేవుడి మీద నమ్మకం లేదు. అప్పుడు గాంధీగారు దేవుడి పేర అన్న చోట సత్యం పేర అని మార్చడానికి ఒప్పుకున్నారు. రోజూ ప్రార్థన చేసేవారు, రామనామం విడవనివారు, దేశమంతా కొలిచే మనిషి. ఒక పల్లెటూరి కార్యకర్త మనసుకి తగ్గట్టు తన ప్రమాణంలో మాట మార్చుకున్నారు.

1948 జనవరి 30న ఆయన పోయారు. ఆ మాట ఆయనతో పోలేదు. ఆరు వారాల తర్వాత, మార్చి 13న, సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్ళి సత్యం పేర జరిగింది. ఈ సంభాషణలన్నీ గోరాగారే రాసి పెట్టారు. 1951లో పుస్తకంగా వచ్చాయి.

మా ఇంట్లో దీపం పెట్టందే రోజు మొదలవదు. ఇంద్రకీలాద్రి మీది అమ్మవారికి దణ్ణం పెట్టుకునే చెయ్యి ఇది. అయినా ఈ కథ నాకు అడ్డం రాలేదు. మన ఇళ్ళల్లో పిల్లలు వేరే కులంలో పెళ్ళి చేసుకుంటామంటే దేవుణ్ణి, పరువుని, పితృదేవతల్ని అందరినీ పిలుస్తాం. మాట పట్టుదల కోసం పిల్లలతో ఏళ్ళ తరబడి మాట్లాడని తల్లిదండ్రులు మన వీధుల్లోనే ఉన్నారు. అంత నమ్మకమున్న గాంధీగారికి మాట మార్చుకోవడం చిన్నతనం అనిపించలేదు. అంత మొండివాడైన గోరాగారికి నమ్మేవాడి ఆశ్రమంలో కూతురి పెళ్ళి చెయ్యడం ఓటమి అనిపించలేదు. ఇద్దరూ తమ నమ్మకాలు తాము ఉంచుకున్నారు. పిల్ల పెళ్ళి మాత్రం ఆగలేదు.