ప్రాకెడు నుక్కు, పగిలెడు నతుకు



రామగుండమువంటి చోట్ల బొగ్గు మండించి విద్యుత్తు పుట్టించు కేంద్రములందు, ఉక్కు గొట్టములలో సుమారు 540 డిగ్రీల వేడిమిగల యావిరి రేయింబవళ్లు ప్రవహించుచుండును. ఉక్కు కదలని దని మన నమ్మకము. కాని యంతటి వేడిమియందు భారము మోయు నుక్కు, ఏండ్లు గడచుకొలది కంటి కగపడకుండ సాగుచుండును. ఆంగ్లేయులు దీనిని క్రీప్ అందురు. ప్రాకుట యని యర్థము. 1910లో లండనునందు ఆండ్రేడ్ అను శాస్త్రజ్ఞుడు లోహపు తీగెలకు బరువులు వ్రేలగట్టి యీ సాగుటను శ్రద్ధగా గొలిచెను.

సాగిన లోహము తెగు టెప్పుడు? దీనికి 1958లో రష్యాదేశీయుడు కచనోవ్ చక్కని లెక్క కల్పించెను. పూర్వము బావులకడ మోటత్రాడు తెగుట మీలో పెక్కురు చూచియుందురు. ఒక పేట తెగినంతనే దాని భారము మిగిలిన పేటలపై బడును. అవి మఱింత వేగముగ దెగును. ఉక్కునం దట్లే, దాని కూర్పులోని స్ఫటికముల సందులలో సూక్ష్మమైన బొక్కలు పుట్టి, యొకదానితో నొకటి కలిసి పగులగును. చెడని లోహమును 1 అనియు, తెగినదానిని 0 అనియు నెంచి, నడుమ సత్తువ యే వేగమున దరుగునో యాయన సమీకరణమున నిలిపెను.

ఆ లెక్క యొకే తీరు లోహమునకు సరిపోవును. అతుకు మాట వేఱు. అతుకునప్పుడు కొంత యుక్కు కరగును, ప్రక్కనున్నది కరగక, కాగి గుణము మాఱును, ఆవలిది మాఱదు. ఒకటి త్వరగా సాగబోవ, పొరుగుది సాగనీయదు. అయినను నాటి నిర్మాణ నిబంధనలు గొట్టపు నిలువు టతుకునకు నిండు బలమున్నట్లే గణించినవి. ఇది నాకు వింతగా దోచును. మన యూరి కమ్మరి యతికిన కమ్మిని కొట్టి చూడక యిచ్చువాడు కాడు గదా!

1985 జూన్ 9వ తేదీన అమెరికాలోని మొహావీ విద్యుత్కేంద్రమందు, ఉక్కు రేకును చుట్టి నిలువునా అతికి చేసిన 30 అంగుళముల గొట్టము ఆ యతుకు వెంబడి చీలెను. ఆవిరి పనివారున్న తావునకు జొచ్చెను. ఆరుగురు మరణించిరి. కేంద్రము పని కారంభించి పదునాలుగేండ్లే. మఱుసటి యేడు మిచిగన్ రాష్ట్రపు మన్రో కేంద్రమునను అట్టి గొట్టమే పగిలెను.

1994లో హాల్, హేహర్స్ట్ అను నిరువురు కచనోవ్ మార్గమునే పట్టి, అతుకులోని భాగములకు వేఱువేఱు సత్తువ లెంచి, యావిరి గొట్టపు టతుకు ఎచ్చట, ఎప్పుడు చెడునో గణకయంత్రముచే లెక్కించిరి. ఈ శతాబ్దమున నిబంధనలందును అతుకు బలమును తగ్గించి గణించు నియమము చేరినది. అయినను కొలదికాలపు పరీక్షలనుండి ముప్పదేండ్ల యాయువు నూహింపవలసి యున్నది. పగులు గోడలోపలనే పుట్టి పైకి గానరాక పెరుగవచ్చును. కావున గొట్టముల నప్పుడప్పుడు చల్లార్చి, ధ్వనితరంగములను లోనికి బంపి, వాని ప్రతిధ్వనిని పరీక్షించుచున్నారు.