పిల్లాడిది ఏ ఊరు?

2009 అక్టోబరు. చెన్నైలో సీబీఐ అధికారులకు ఏడేళ్ల పిల్లాడొకడు తల్లితో సహా దొరికాడు. వేర్వేరు రాష్ట్రాల పోలీసులు వెతికి చేతులెత్తేశాక, సుప్రీంకోర్టే సీబీఐని పురమాయించింది. రెండేళ్ల పైచిలుకు ఆ తల్లి ఏ ఊళ్లోనూ నిలవలేదు.

కథ మొదలైంది మాత్రం మంగళవాద్యాలతోనే. 2000 డిసెంబరులో తిరుపతిలో పెళ్లి, అమెరికాలో కాపురం, 2002 జులైలో కొడుకు. మరో ఏడాదికే ఆమె విడాకులకు న్యూయార్క్ కోర్టు మెట్లెక్కింది. 2005లో విడాకులొచ్చాయి. పిల్లాడి బాధ్యత ఇద్దరిదీ అన్నారు. 2007 జూన్ 18న అదే మాట మీద ఇద్దరి సమ్మతితో ఇంకో ఉత్తర్వు. సరిగ్గా పది రోజులకు, జూన్ 28న, ఆమె బిడ్డను తీసుకుని ఇండియా వచ్చేసింది. చెన్నైలో అమ్మానాన్నల దగ్గర ఉంటానని కబురు మాత్రం పెట్టింది.

తండ్రి మళ్లీ న్యూయార్క్ కోర్టుకు వెళ్లాడు. తాత్కాలికంగా బిడ్డ అతనికే అన్నారు, ఆమె మీద వారంటు పుట్టింది. ఆ కాగితాలతో అతను ఢిల్లీలో సుప్రీంకోర్టుకెక్కి, బిడ్డను కోర్టు ముందుకు తెప్పించమని హెబియస్ కార్పస్ వేశాడు.

మామూలుగా ఇలాంటి తగువు మన ఫ్యామిలీ కోర్టులో నింపాదిగా నడుస్తుంది. హిందూ మైనర్ల సంరక్షణపై 1956లో వచ్చిన చట్టం ప్రకారం అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే. ఆ పైన తల్లి హక్కు, తండ్రి హక్కు కన్నా బిడ్డ మేలే ముందు. కాస్త తెలివొచ్చిన పిల్లలైతే జడ్జి తన గదిలోకి పిలిచి, పెద్దలెవరూ లేకుండా మాట్లాడతారు. పిల్లాడు చెప్పింది వింటారు, ఎవరు నేర్పి పంపారో కూడా గమనిస్తారు.

సుప్రీంకోర్టు ముందున్నది వేరే ముడి. ఇదంతా ఇక్కడ విచారించాలా, బిడ్డ పెరిగిన దేశానికి పంపి అక్కడి కోర్టుకు వదలాలా? 2009 నవంబరు 17న జస్టిస్ తరుణ్ ఛటర్జీ, లోధా, చౌహాన్‌ల ధర్మాసనం పంపాలనే తేల్చింది. పిల్లాడు అక్కడే పుట్టాడు, అక్కడి పౌరుడు. ఇక్కడున్న రెండేళ్లూ ఊరూరా తిరగడమే తప్ప కుదురుకున్నది లేదు. పదిహేను రోజుల్లో తల్లే బిడ్డను తీసుకెళ్లాలి, ప్రయాణ ఖర్చులూ అక్కడి బసా తండ్రి చూసుకోవాలి, ఆమెపై క్రిమినల్ కేసులు నడపకూడదు. వెళ్లకపోతే పాస్‌పోర్టుతో సహా బిడ్డ తండ్రికి.

తీర్పు న్యాయమైనదే. అయినా ఆమె అంత దూరం ఎందుకు పరిగెత్తిందన్నది లోతుగా తేలకుండానే విమానం ఎక్కించారన్న ముల్లు నాకు గుచ్చుకుంటూనే ఉంది. పిల్లల్ని దేశం దాటించే తగాదాలపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు, అందుకే ప్రతి కేసూ మొదటి నుంచే. 2017లో లండన్ నుంచి వచ్చిన ఓ పాప కేసులో ఇదే సుప్రీంకోర్టు, విదేశీ కోర్టు ఉత్తర్వు లెక్కలోకి తీసుకునే అంశాల్లో ఒకటి మాత్రమేనంది, పాపను తల్లి దగ్గరే ఉంచింది.

మగవాళ్లు గల్ఫ్‌కు వలసపోయే మల్లాపూర్ లాంటి ఊళ్లో ఈ కథ తిరగబడుతుంది. ఇక్కడ దేశం దాటేది బిడ్డ కాదు, తండ్రి. దుబాయికో మస్కట్‌కో పోయినాయన అక్కడి నుంచి ఎంత గట్టిగా అడిగినా, 1890 నాటి గార్డియన్స్ చట్టం ప్రకారం పిటిషన్ పడాల్సింది బిడ్డ మామూలుగా ఉండే చోటి కోర్టులోనే. తల్లిగారింట్లో బడికి పోతున్న పిల్లకు ఆ చోటు అదే. బిడ్డను నాకివ్వండి అనే తండ్రికి అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న: నువ్వు గల్ఫ్‌లో ఉంటే పొద్దున్నే జడ వేసేదెవరు? నాయనమ్మ అంటే, మరి అమ్మ ఉండగా నాయనమ్మ ఎందుకని రెండోది. కానీ బిడ్డ దక్కకపోతే బంధం తెగినట్టు కాదు. దూరాన ఉన్న తల్లి గానీ తండ్రి గానీ రోజూ అయిదు పది నిమిషాలైనా బిడ్డతో మాట్లాడే వీలుండాలనీ, వీడియో కాల్ అందుకు మంచి దారనీ 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. చుట్టీ మీద వచ్చిన నెలరోజులకు బిడ్డను చూసే హక్కు, మిగతా రోజులకు ఫోను: పిటిషన్‌లో ఈ రెండూ రాయించుకోవాలి.